పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నూట ముప్పై ఏళ్ల కిందటి అమెరికా నగరాలు

చికాగోలో 1893లో జరిగిన ప్రపంచ ప్రదర్శన గురించి గత సంచికలో వేసిన వ్యాసం చదివి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఎక్కువ మంది అడిగింది ప్రదర్శన హంగుల గురించి కాక, ఆ కాలపు నగరాల్లో మామూలు జనం ఎలా బతికారన్న సంగతి గురించి. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను ఒకటిగా కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ధాత కరువులో మా ముత్తాతలు క్లౌ దొరగారి కాంట్రాక్టులో బకింగ్‌హాం కాలువ తవ్వి ప్రాణాలు నిలుపుకొన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికే అమెరికా అంత కలిగిన దేశమా? అక్కడి జనానికి ఇబ్బందులు ఉండేవి కావా? – ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ క్లౌ గారు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో 1840లోనే మొదలైంది. ఆయన నెల్లూరు నుంచి ఒంగోలుకు కాపురం మార్చింది 1866లో. 1876–78 కరువులో ఆయన మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించిన మాట వాస్తవమే. ఆ మిషన్ ప్రధాన కార్యాలయం బోస్టన్ నగరంలో ఉండేది. ఖర్చులకు డబ్బు అక్కడి చర్చిల చందాల నుంచి వచ్చేది.

అయితే అక్కడి వాళ్లంతా సుఖపడుతూ మిగిలినది మనకు పంపారని అనుకోనక్కర్లేదు. 1873 సెప్టెంబరులో జే కుక్ అనే ప్రసిద్ధుడి బ్యాంకు, కొత్త రైలు మార్గానికి బాండ్లు అమ్ముడుపోక, దివాలా ఎత్తింది. దాని వెంట ఎన్నో బ్యాంకులు, రైలు కంపెనీలు కూలిపోయి, మాంద్యం ఐదారేళ్లు సాగింది. మన వైపు కరువు ముదిరిన 1877లోనే, జూలై నెలలో, బాల్టిమోర్–ఒహాయో రైలు కంపెనీ జీతాలను నూటికి పది వంతున కోసిందని మార్టిన్స్‌బర్గ్ అనే ఊళ్లో కార్మికులు రైళ్లు ఆపేశారు. వారం తిరిగేసరికి ఆ సమ్మె బాల్టిమోర్, పిట్స్‌బర్గ్, చికాగో, సెయింట్ లూయిస్ నగరాలకు పాకింది. పిట్స్‌బర్గ్ మిలీషియా (పౌరులతో ఏర్పడిన రాష్ట్ర సైనిక దళం) తమ ఊరి వాళ్ల మీద తుపాకీ ఎత్తడానికి వెనకాడుతున్నదని ఫిలడెల్ఫియా నుంచి వేరే దళాన్ని రప్పించారు. వాళ్లు కాల్చారు; ఇరవై మంది దాకా చనిపోయారు. ఆ రాత్రి జనం రైలు షెడ్లకు నిప్పు పెడితే నూరుకు పైగా ఇంజన్లు బూడిదయ్యాయి. దేశం మొత్తం మీద పోయిన ప్రాణాలు సుమారు నూరు.

ఆ గుంపుల్లో రైలు కార్మికులు కానివాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ రోజుల్లో చాలా నగరాల్లో రైలు నడివీధుల్లోంచే పోయేది. దాని కింద పిల్లలు పడేవారు, నిప్పురవ్వలు ఇళ్ల మీద రాలేవి, దారి మూసుకుపోయి దుకాణాల బేరం చెడేది. అందువల్ల జీతం కోత పడనివాళ్లకు కూడా ఆ కంపెనీ మీద ఎవరి కోపం వాళ్లకు ఉంది. ఇరుకైన చోట ఒకరి కష్టం పక్కవాడి గడప తొక్కడానికి ఎంతోసేపు పట్టదు. మా అభిప్రాయంలో ఆ కాలపు నగరాల్లో వచ్చిన మార్పులకు, మంచికైనా చెడ్డకైనా, ఇదే మూలం. కింది జవాబుల్లో కూడా ఇది కనబడుతుంది.

ప్రశ్న: చికాగో యాభై అరవై ఏళ్లలోనే మహానగరమైందని రాశారు. అంత త్వరగా అంత జనం ఎక్కడి నుంచి వచ్చారు? – కావలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: 1840 జనగణనలో చికాగో జనాభా ఐదు వేల లోపు. 1870లో అది మూడు లక్షలకు చేరువైంది. మరుసటి ఏడాది అక్టోబరులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, ఊరి నడిబొడ్డు తుడిచిపెట్టుకుపోయి, లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. అయినా 1890 నాటికి జనాభా పదకొండు లక్షలు, 1900 నాటికి పదిహేడు లక్షలు. దేశం మొత్తాన్ని తీసుకుంటే 1860లో ఐదుగురిలో ఒకరు పట్టణవాసి. 1900 నాటికి ఐదుగురిలో ఇద్దరు.

మొదటి కారణం రైలు. మన కావలి మీదుగా మద్రాసు–బెజవాడ రైలు మార్గం పూర్తయింది 1899లో. అప్పటికి ముప్పై ఏళ్ల ముందే అమెరికా రెండు తీరాలనూ పట్టాలు కలిపేశాయి. పడమటి మైదానాల గోధుమలు, పశువులు, కలప చికాగోకు చేరి అక్కడి నుంచి తూర్పుకు పోయేవి. 1865లో తెరిచిన యూనియన్ పశువుల సంతకు రోజూ బండ్లకొద్దీ పశువులు వచ్చేవి. ఐసు పెట్టెలున్న రైలు బండ్లు వచ్చాక మాంసాన్ని అక్కడే కోసి వెయ్యి మైళ్ల దూరం పంపగలిగారు. (మన ఒంగోలు గిత్తలు కూడా ఆ సంతకు చేరాయా అని ఇదే ఉత్తరంలో ఒక చిన్న ప్రశ్న ఉంది. మన పశువును ‘నెలోర్’ అన్న పేరుతో ఎక్కువగా పెంచుకున్నది బ్రెజిల్ దేశం.) రెండో కారణం పొలంలోకి వచ్చిన యంత్రం. కోత యంత్రాలు తయారు చేసే మెకార్మిక్ కర్మాగారం చికాగోలోనే ఉండేది. ఆ యంత్రం వల్ల పల్లెలో పని తగ్గిన మనిషి పట్నం వచ్చి అలాంటి కర్మాగారంలోనే కూలికి కుదిరేవాడు. పంట పెరిగిన కొద్దీ గోధుమ ధర పడిపోవడం వల్ల రైతుల పిల్లలు కూడా అదే దారి పట్టారు.

మూడో కారణం వలస. 1870–1900 మధ్య కోటీ ఇరవై లక్షల మంది దాకా ఓడల్లో వచ్చి దిగారు. మొదట్లో జర్మన్లు, ఐరిష్ వారు ఎక్కువ; 1880 తర్వాత ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి వచ్చేవారు పెరిగారు. రష్యాలో 1881 నుంచి దాడులు సాగడంతో యూదులు కుటుంబాలతో సహా తరలివచ్చారు. న్యూయార్క్ రేవులో వీళ్లను పరీక్షించే ఎల్లిస్ ద్వీపం కేంద్రం 1892 జనవరి 1న తెరుచుకుంది. కానీ తలుపు అందరికీ తెరిచి లేదు. రైలు మార్గాలు వేసిన చైనా కూలీలు ఇక రాకూడదని 1882లోనే చట్టం చేశారు. నల్లజాతి వారిని రైళ్లలో విడిగా కూర్చోబెట్టడం న్యాయమేనని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

వచ్చిన జనం ఎక్కడ సర్దుకున్నారన్నది కూడా తెలుసుకోవాలి. అంతకు ముందు నగరమంటే కాలినడకన దాటగలిగినంత దూరం. షావుకారు, గుమాస్తా, కూలీ నాలుగు వీధుల అవతలే ఉండేవారు. గుర్రపు ట్రాములు, 1888లో రిచ్‌మండ్ నగరంలో స్ప్రేగ్ అనే ఇంజనీరు విజయవంతంగా నడిపిన తర్వాత కరెంటు ట్రాములు వచ్చాక, చార్జీ పెట్టుకోగలిగినవాళ్లు ఊరి అంచులకు మకాం మార్చారు. పెట్టుకోలేనివాళ్లు కర్మాగారాల పక్కనే మిగిలారు. ఉన్నవాళ్ల వీధి, లేనివాళ్ల వీధి స్పష్టంగా వేరుపడినది అప్పుడే.

ప్రశ్న: న్యూయార్క్ పేదల ఇళ్ల పాత ఫోటోలు కొన్ని చూశాను. అంత ధనిక నగరంలో జనం అలా ఎందుకు బతకవలసి వచ్చింది? ప్రభుత్వం చట్టాలు చేయలేదా? – నెల్లూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, చట్టాలకు లోటు లేదు. 1867లో, 1879లో, 1887లో, 1901లో చేశారు. ప్రతి చట్టాన్నీ ఇంటి యజమానులు ఏ మేరకు పాటించారో, ఎక్కడ తప్పించుకున్నారో చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ముందు ఇంటి స్వరూపం చెప్పుకుందాం. న్యూయార్క్‌లో స్థలాలను ఇరవై ఐదు అడుగుల వెడల్పు, నూరు అడుగుల పొడవు ముక్కలుగా కోశారు. ఒక్క కుటుంబానికి సరిపడే ఆ స్థలంలో ఐదారు అంతస్తులు లేపి, అంతస్తుకు నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చేవారు. వీధి వైపు గదికి, పెరటి వైపు గదికి వెలుతురు వచ్చేది. మధ్య గదులకు పగలు కూడా దీపం కావాలి. కుళాయి, మరుగుదొడ్లు పెరట్లో. కొందరు యజమానులు ఆ పెరడును కూడా వదలక వెనక మరో ఇల్లు కట్టి అద్దెకిచ్చారు. అద్దె భారం తట్టుకోలేక, రెండు గదుల వాటాలో ఉన్న కుటుంబం కూడా ఇద్దరు ముగ్గురు బయటివాళ్లను పడకకు ఇంత అని తీసుకుని ఇంట్లో పెట్టుకునేది. 1867 చట్టం ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని, మంటలు రేగితే దిగడానికి బయట ఇనుప మెట్లు ఉండాలని చెప్పింది. ఇరవై మందికి ఒకటి అన్నది సంస్కరణ అనిపించుకున్నదంటే అంతకు ముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

1879 చట్టం ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలంది. దానికి ముందే ఒక పత్రిక ఇళ్ల నమూనాల పోటీ పెట్టింది. బహుమతి పొందిన నమూనాలో ఇంటి రెండు చివరలూ వెడల్పుగా, నడుము సన్నగా ఉంటుంది. వ్యాయామానికి వాడే డంబెల్ ఆకారం గనుక ఆ ఇళ్లకు ఆ పేరే పడింది. పక్కపక్క ఇళ్ల నడుముల మధ్య మిగిలిన సందే గాలి గొట్టం. ఒక్కో ఇంటి వైపు రెండున్నర అడుగులైనా లేని ఆ సందులోకి అన్ని మధ్య గదుల కిటికీలూ తెరుచుకునేవి. ఐదో అంతస్తు నుంచి చెత్త తీసుకుని కిందికి దిగే ఓపిక లేనివాళ్లు అందులోకే పారేసేవారు. ఎదుటి ఇంటి గొడవలు, వాసనలు అన్నీ అందులోంచే వచ్చేవి. నిప్పంటుకుంటే మంట చిమ్నీలో మాదిరి ఆ గొట్టం వెంట పైదాకా ఎగబాకేది. కిటికీ ఉండాలని చట్టం చెప్పింది, యజమాని కిటికీ పెట్టాడు. గాలి రాకపోవడం మాత్రం ఎవరి నేరమూ కాలేదు.

1887 చట్టం ప్రతి అంతస్తులోనూ నీళ్ల కుళాయి ఉండాలంది. దాన్ని కోర్టులో ఎదిరించినవారెవరో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నగరంలోని పెద్ద భూస్వాముల్లో ఒకరైన ట్రినిటీ చర్చి, తన అద్దె ఇళ్లకు కుళాయిలు పెట్టించమనడం నష్టపరిహారం లేకుండా ఆస్తిని లాక్కోవడమేనని వాదించింది. 1895లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ వాదాన్ని కొట్టివేసి, ఆరోగ్యానికీ మంటల నుంచి రక్షణకూ పెట్టే ఆ పాటి ఖర్చును యజమాని భరించవలసిందేనన్నది. అంటే చట్టం వచ్చాక కుళాయి పైఅంతస్తు ఎక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

మీరు చూసిన ఫోటోలు బహుశా జేకబ్ రీస్‌వి అయి ఉండవచ్చు. ఆయన డెన్మార్క్ నుంచి 1870లో వలస వచ్చి, కొంతకాలం పోలీసు స్టేషన్లలో నిరాశ్రయులతో పాటు తలదాచుకుని, తర్వాత పోలీసు వార్తల విలేకరి అయ్యారు. మెగ్నీషియం పొడిని మండించి చీకటి గదుల్లో ఫోటో తీయవచ్చని 1887లో తెలియగానే, అర్ధరాత్రి ఆ ఇళ్లలోకి వెళ్లి తీయడం మొదలుపెట్టారు. ఒకసారి గుడ్డి బిచ్చగాళ్లున్న అటక గదిలో ఆ పొడి రవ్వలు పడి గోడకు వేలాడుతున్న పేలికలు అంటుకుంటే, ఆయనే తంటాలు పడి ఆర్పి, కిందికి పరుగెత్తి పోలీసుకు చెప్పారట. ఆ పోలీసు నవ్వి, ఆ ఇంటికి పట్టిన మురికికి అది అంటుకున్నా కాలదు అన్నాడని రీస్ స్వయంగా రాసుకున్నారు. 1890లో ఆయన పుస్తకం వచ్చాక సంపన్నులు ఆ వీధుల గురించి తెలియదనడానికి వీల్లేకపోయింది. అయితే ఆయన కరుణ అందరి మీదా ఒకే తీరున లేదు. ఇటాలియన్ల మీద, యూదుల మీద, ముఖ్యంగా చైనా వారి మీద ఆయన రాసిన మాటలు నేడు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఫోటోలను మెచ్చుకుంటూనే ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

చివరికి 1901 చట్టం ప్రతి వాటాలోనూ కుళాయి, మరుగుదొడ్డి ఉండాలని, గాలి గొట్టం బదులు సరైన ఖాళీ స్థలం వదలాలని చెప్పింది. ముందరి చట్టాలకు లేనిది దీనికి ఒకటి ఉంది: ఇళ్ల తనిఖీకే ప్రత్యేకంగా ఒక శాఖ, దానికి ఇన్‌స్పెక్టర్లు. ఇల్లు కట్టక ముందు ప్లాను చూసేవాడు, కట్టాక మెట్లెక్కి వచ్చి చూసేవాడు ఉన్నప్పుడే చట్టానికి విలువ వచ్చింది. దీని వెనక దయాధర్మాలతో పాటు భయం కూడా పనిచేసింది. ఆ చీకటి గదుల్లో పుట్టిన కలరా, క్షయ, టైఫాయిడ్ అక్కడే ఆగలేదు. పాలతో, బట్టలతో, పనిమనుషులతో కలిసి పెద్ద వీధులకు కూడా వచ్చాయి.

ప్రశ్న: మోటారు వాహనాలు రాక ముందు ఆ నగరాల వీధులు శుభ్రంగా ఉండేవని మా అబ్బాయి వాదిస్తాడు. నిజమేనా? తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం అక్కడ ఎప్పుడు మొదలైంది? – నెల్లూరు నుంచి మునిసిపాలిటీలో పనిచేసి రిటైరైన ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు

జవాబు: మీ అబ్బాయి వాదం నిలవదు. అప్పటి న్యూయార్క్‌లో లక్షకు పైగా గుర్రాలు ఉండేవి. రోజుకు ఒక్కో గుర్రం వేసే లద్దె ఎనిమిది, పది కిలోలకు తక్కువ కాదు. వర్షం వస్తే బురద, ఎండ కాస్తే దుమ్ము, ఎల్లకాలం ఈగలు. బండి లాగుతూ పడి చచ్చిన గుర్రాన్ని దాని యజమాని అక్కడే వదిలి పోయేవాడు. రాత్రిపూట గుర్రాలను విప్పేసి ఖాళీ బండ్లను వీధిలోనే నిలిపేవారు, వాటి కింద ఊడ్చేవాళ్లే ఉండరు. నగరం గుర్రం మీద ఎంతగా ఆధారపడిందో 1872 శరత్కాలంలో తెలిసింది. కెనడా వైపు నుంచి గుర్రాల జలుబు జ్వరం వ్యాపించి ట్రాములు, సరుకు బండ్లు ఆగిపోయాయి. ఆ నవంబరులో బోస్టన్ తగలబడుతుంటే మంటలార్పే యంత్రాలను మనుషులే తాళ్లు పట్టి లాక్కుపోవలసి వచ్చింది.

1895లో కల్నల్ జార్జి వారింగ్ న్యూయార్క్ వీధుల శుభ్రతా శాఖకు అధిపతి అయ్యారు. అంతవరకు ఊడ్చే పని పార్టీ మనుషులకు ఇచ్చే బహుమానం. జీతం తీసుకునేవారు ఎక్కువ, చీపురు పట్టేవారు తక్కువ. ఆయన వాళ్లను తీసేసి, పనిచేసేవారికి తెల్లటి యూనిఫారాలు తొడిగించారు. చెత్త ఎత్తేవాడికి తెల్ల బట్టలేమిటని పత్రికలు వెక్కిరించాయి. దూరం నుంచి కూడా కనబడే ఆ బట్టలతో పని ఎగ్గొట్టి సారా కొట్లో దూరడం కుదరదు. పైగా డాక్టరు బట్టల మాదిరి ఉండే వాటి వల్ల ఆ పనికి కొంత మర్యాద వచ్చింది. 1896లో వాళ్లందరినీ ఫిఫ్త్ అవెన్యూ మీద కవాతు చేయించినప్పుడు వెక్కిరించిన జనమే చప్పట్లు కొట్టారు. మీరు అడిగిన విభజన కూడా ఆయన హయాంలోనే వచ్చింది. ఇంటింటా బూడిద ఒకచోట, వంటింటి చెత్త ఒకచోట, కాగితాలు, గుడ్డలు వంటివి ఇంకొకచోట పెట్టాలన్నారు. వలస కుటుంబాల పిల్లలతో సంఘాలు పెట్టించి, ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు ఆ పిల్లల చేతే నిబంధనలు చెప్పించారు.

విచిత్రమేమిటంటే, రోగాలకు కారణం మురుగు నుంచి లేచే చెడు గాలి అని వారింగ్ నమ్మేవారు; క్రిముల సిద్ధాంతం ఆయన తలకెక్కలేదు. నమ్మకం తప్పైనా చేసిన పని మంచిదే అయింది. 1898లో క్యూబాలోని హవానా నగర పారిశుద్ధ్యం పరిశీలించడానికి వెళ్లి, అక్కడ పట్టుకున్న పచ్చజ్వరంతో (యెల్లో ఫీవర్) తిరిగి వచ్చి చనిపోయారు.

ఇదే కాలంలో చికాగోలో జేన్ ఆడమ్స్ అనే సంఘసేవిక తమ వార్డులో చెత్త ఎత్తడం లేదని విసిగి, ఆ కాంట్రాక్టు తనకే ఇమ్మని టెండరు వేశారు. టెండరు సాంకేతిక కారణాలతో తిరస్కరించారు గానీ, గొడవ పెద్దదై 1895లో మేయరు ఆమెనే వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించారు. ఆమె తెల్లవారుజామున లేచి చెత్త బండ్ల వెంట తిరిగేవారు. తర్వాతి రోజుల్లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. మీ వృత్తి వారు ఈ ఉద్యోగం సంగతి కూడా చెప్పుకోవచ్చు.

ప్రశ్న: అక్కడి నగరాల్లో కూడా ఓట్లు కొనేవారా? – కందుకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిస్సంకోచంగా కొనేవారు. న్యూయార్క్‌లో డెమోక్రటిక్ పార్టీని టామనీ హాల్ అనే సంస్థ నడిపేది. దాని నాయకుడు విలియం ట్వీడ్ కాలంలో కోర్టు భవనం ఒకటి మొదలుపెట్టారు. రెండున్నర లక్షల డాలర్లతో పూర్తి కావలసినది కోటి డాలర్లు దాటింది. కాంట్రాక్టర్లు బిల్లు పెంచి రాయడం, పెంచినది ముఠా పంచుకోవడం పద్ధతి. 1871లో న్యూయార్క్ టైమ్స్ ఆ లెక్కలు అచ్చువేసింది. థామస్ నాస్ట్ వారపత్రికలో వరసగా కార్టూన్లు గీశాడు. ట్వీడ్ జైలు పాలై, 1875లో తప్పించుకుని స్పెయిన్ దాకా పారిపోతే, నాస్ట్ బొమ్మను బట్టే అక్కడి అధికారులు గుర్తుపట్టి పట్టుకున్నారు. 1878లో జైల్లోనే చనిపోయాడు. ట్వీడ్ పోయినా టామనీ పోలేదు.

ఎందుకు పోలేదో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఓడ దిగిన ఐరిష్ కుర్రవాడికి పని చూపించేది, ఇల్లు కాలిన కుటుంబానికి ఆ రాత్రే గది చూసేది, చలికాలం బొగ్గు బస్తా పంపేది, కొడుకును పోలీసులు పట్టుకుంటే తెల్లవారకముందే స్టేషనుకు వచ్చేది వార్డులోని టామనీ మనిషి. సంస్కర్తలు పన్ను తగ్గిస్తామనేవారు. పన్ను కట్టే ఆస్తే లేనివాడికి ఆ మాట వినబడదు. టామనీ చేసింది దోపిడీయే, కానీ దోచినదాంట్లో కొంత కింది వీధులకు దిగేది. అందుకే సంస్కర్తలు ఒక ఎన్నిక గెలిచినా తర్వాతి ఎన్నికలో ఇంటికి పోయేవారు. వారింగ్ పదవి పోయింది కూడా అలాగే.

ఓటు కొనడం అంత సులువు కావడానికి మరో కారణం ఓటు చీటీ. అప్పట్లో ప్రభుత్వం చీటీలు అచ్చువేసేది కాదు. ఏ పార్టీ చీటీ ఆ పార్టీ వేసుకునేది, తరచు రంగు కాగితం మీద. డబ్బు తీసుకున్నవాడు ఏ రంగు చీటీ పెట్టెలో వేశాడో గుమ్మం దగ్గర నిలబడ్డ ఏజెంటుకు కనబడేది. ప్రభుత్వమే ఒకే చీటీ అచ్చువేసి, మరుగున గుర్తు పెట్టించే ఆస్ట్రేలియా పద్ధతిని 1888లో మసాచుసెట్స్ రాష్ట్రం చట్టం చేసింది. కొద్ది ఏళ్లలోనే చాలా రాష్ట్రాలు అనుసరించాయి. డబ్బు పంచడం దానితో ఆగలేదు. డబ్బు తీసుకున్నవాడు మాట నిలబెట్టుకున్నాడో లేదో తెలుసుకునే వీలు మాత్రం పోయింది. అయితే ఆ చీటీ చదవడం రానివాళ్లు, ముఖ్యంగా కొత్తగా వచ్చినవాళ్లు, దక్షిణాన నల్లజాతి వారు, దాని వల్లనే ఓటుకు దూరమైన మాట కూడా చెప్పాలి.

ప్రశ్న: వివేకానందుల వారు దిగినప్పుడు చికాగో ఎలా ఉండేది? – ఆత్మకూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మద్రాసు శిష్యులు పోగుచేసిన చందాతో బయలుదేరిన స్వామి 1893 జూలై చివర చికాగో చేరేసరికి, సర్వమత మహాసభకు ఇంకా నెలన్నర ఉంది. ఖర్చులకు తాళలేక బోస్టన్ వైపు వెళ్లి, తిరిగి వచ్చిన రాత్రి చిరునామా పోగొట్టుకుని రైలు యార్డులో ఒక ఖాళీ పెట్టెలో పడుకున్నారు. ఆయన ఒక్కరే కాదు, ఆ ఏడాది అలా పడుకున్నవారు ఎందరో. ప్రదర్శన తెరిచిన మే నెలలోనే స్టాక్ మార్కెట్ కుప్పకూలి మరో మాంద్యం మొదలైంది. చలికాలంలో పని లేనివాళ్లు నగర సభా భవనం వరండాల్లో, పోలీసు స్టేషన్లలో నిద్రపోయారు. ప్రదర్శనలోని తెల్లటి రాజభవనాలు చాలావరకు ఇనుప చట్రం మీద పూసిన గచ్చు లాంటి సరుకు. 1894 జూలైలో, పుల్‌మన్ రైలు పెట్టెల కార్మికుల సమ్మె రోజుల్లో, వాటిలో ముఖ్యమైనవి కాలిపోయాయి. ఆ పుల్‌మన్ కంపెనీ జీతాలు తగ్గించి, తన కార్మికులుండే కంపెనీ ఇళ్ల అద్దె మాత్రం తగ్గించకపోవడమే ఆ సమ్మెకు కారణం.

ప్రశ్న: మా ఇంట్లో మగ్గం ఉంది, ఇంటిల్లిపాదీ పనిచేస్తేనే మజూరీ గిట్టుతుంది. అమెరికాలో కూడా ఇళ్లలోనే బట్టలు కుట్టించేవారని విన్నాను. అక్కడి ఆడవాళ్లకు, పిల్లలకు చట్టం ఏమైనా మేలు చేసిందా? కొనేవాళ్లు ఎప్పుడైనా పట్టించుకున్నారా? – కోవూరు మండలం పాటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మగ్గం మీ చేతి విద్య. అక్కడి కుట్టుపనికి ఆ గౌరవం కూడా ఉండేది కాదు. పెద్ద కంపెనీ గుడ్డ కత్తిరించి మేస్త్రీకి ఇచ్చేది. మేస్త్రీ దాన్ని ఇళ్లకు పంచి, కుట్టిన ముక్కకు ఇంత అని కూలి ఇచ్చేవాడు. అడిగిన ధరకు ఒక ఇల్లాలు ఒప్పుకోకపోతే పక్క వాటాలో ఇంకొకామె ఒప్పుకునేది. వంట, పడక, కుట్టు అన్నీ ఒకే గదిలో. తల్లి మిషను తొక్కుతుంటే ఐదారేళ్ల పిల్లలు కుట్ల దారం లాగేవారు. కంపెనీకి గది అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, పని లేని రోజుల్లో బాధ్యత లేదు.

న్యూయార్క్ రాష్ట్రం ఇళ్లలో చుట్టలు చుట్టడాన్ని 1884లో నిషేధిస్తే, మరుసటి ఏడాదే న్యాయస్థానం కొట్టివేసింది. మనిషిని తన ఇంట్లో తన పని చేసుకోనివ్వకపోవడం స్వేచ్ఛకు భంగమన్నది. ఆ ఇల్లు మేస్త్రీ చేతిలో కర్మాగారం అయిపోయిన సంగతిని న్యాయమూర్తులు లెక్కలోకి తీసుకోలేదు.

చికాగోలో ఈ పనికి పూనుకున్నది ఫ్లారెన్స్ కెల్లీ. భర్త కొట్టే దెబ్బలు భరించలేక ముగ్గురు పిల్లలతో ఆ నగరానికి వచ్చి, జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో వలసవాసుల పేటలో నెలకొల్పిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో చేరారు. ఆ చుట్టుపక్కల మెట్లెక్కి దిగి ఆమె సేకరించిన వివరాల ఆధారంగానే 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం కర్మాగారాల చట్టం చేసింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కర్మాగారాల్లో పెట్టుకోరాదు, ఆడవాళ్లకు రోజుకు ఎనిమిది గంటలకు మించి పని ఉండరాదు. ఆ చట్టం అమలుకు ముఖ్య తనిఖీ అధికారిగా గవర్నరు ఆమెనే నియమించారు. మరుసటి ఏడాది మశూచి వచ్చినప్పుడు, జబ్బు మనిషి పడుకున్న గదిలోనే కోట్లు కుట్టడం ఆమె ఇన్‌స్పెక్టర్లు కళ్లారా చూశారు. జబ్బు సంగతి బయటికి చెబితే పని పోతుందని తల్లులు దాచేవారు. ఆ కోటు ఎవరి ఒంటి మీదికైనా రావచ్చునని తెలిశాక ఊరు ఉలిక్కిపడింది. అయినా 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఎనిమిది గంటల నిబంధనను, పెద్దవాళ్లైన ఆడవాళ్లకు తమ ఒప్పందం తాము చేసుకునే హక్కు ఉందంటూ, కొట్టివేసింది. పిల్లలకు సంబంధించిన భాగం నిలిచింది.

కొనేవాళ్ల విషయానికొస్తే, కోర్టులు ఇలా అడ్డుపడుతున్నాయని కెల్లీ 1899లో న్యూయార్క్ వెళ్లి వినియోగదారుల జాతీయ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ సంఘం ఒక తెల్ల లేబుల్ తయారు చేసింది. సరుకంతా తన కర్మాగారంలోనే కుట్టించి ఇళ్లకు పంచని కంపెనీకి, పదహారేళ్ల లోపు పిల్లలను పెట్టుకోని, రాష్ట్ర చట్టం ప్రకారం నడిచే కంపెనీకి మాత్రమే ఆ లేబుల్ ఇచ్చేవారు. ఆడవాళ్లు వేసుకునే తెల్ల నూలు లోదుస్తులతో మొదలుపెట్టారు, కొనేది ఆడవాళ్లే గనుక. సంఘం సభ్యులు దుకాణానికి వెళ్లి, లేబుల్ ఉన్న సరుకు చూపించమని అడిగి, లేకపోతే కొనకుండా తిరిగి వచ్చేవారు. చాలా కంపెనీలు దాని కోసం తమ పద్ధతులు మార్చుకున్నాయి. ఆ లేబుల్ 1918 దాకా వాడుకలో ఉంది.